కాలవలో దోసపాదు

మా అక్క నాగేంద్రమ్మ పోయిన పదోరోజున వచ్చిన చుట్టాలందరిదీ ఒకటే మాట. "ఎంత ఓర్పమ్మా ఆవిడది!" అని. నాకు ఒళ్ళు మండింది. ఓర్పు గలవాళ్ళు ఊరుకుంటారు. మా అక్క ఏనాడూ ఊరుకున్న మనిషి కాదు. దానిది మంకుపట్టు. ఆ సంగతి నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఎందుకంటే ఆ పట్టును దగ్గరుండి చూసినదాన్నీ నేనే, చెడగొట్టినదాన్నీ నేనే.

అది ముప్ఫైనాలుగో సంవత్సరమో, ముప్ఫైఅయిదో. దానికి తొమ్మిదేళ్ళు, నాకు ఏడు. మా ఊరు బందరు నుంచి చల్లపల్లి వెళ్ళే దారిలో కాలవ గట్టున ఉండేది. నాన్నగారు బోర్డు స్కూల్లో మాస్టారు. ఏటా ఉగాది వెళ్ళిన కొన్నాళ్ళకి మరమ్మతుల కోసం కాలవ కట్టేసేవారు. పడవలు ఆగిపోయేవి. మళ్ళీ మృగశిర కార్తెకి గాని నీళ్ళు వచ్చేవి కావు. ఆ యాభై రోజులూ కాలవ మాది.

కట్టేసిన మొదటి వారం గుంటల్లో మిగిలిపోయిన చేపపిల్లల్ని చూడటంతోనే సరిపోయేది. తరవాత ఇసక ఆరేది. సాయంత్రం అయ్యేసరికి ఊరంతా గట్టు దిగి కాలవలో కూర్చునేది. మగవాళ్ళు చెడుగుడు, మేము పిచ్చికగూళ్ళు. బళ్ళో బెత్తం దించని మా నాన్నగారు కాలవలోకి దిగితే పంచె ఎగగట్టి మాతో దూరాలు దూకేవారు. అమ్మ పెరుగన్నం కలిపి తెచ్చి చేతుల్లో ముద్దలు పెట్టేది. వేసవి సెలవలంటే మాకు ఊళ్ళు కావు, ఆ ఇసకే.

అందరూ ఆడుకుంటుంటే అక్క మాత్రం ఆ ఏడు ఒక మూల గొయ్యి తవ్వుతూ కూర్చుంది.

దానికి కారణం మామ్మ. మామ్మ సత్యవతమ్మగారి పుట్టిల్లు మా కృష్ణ ఒడ్డున ఉన్న శ్రీకాకుళం. కృష్ణ లంకలో వాళ్ళకి దోసపాదులుండేవట. ఆ దోసకాయ ఒకింట్లో కోస్తే వీధి చివరివాళ్ళకి వాసన తెలిసేదట. పచ్చిగా తినొచ్చట. ఒక ఏడు వరదకి ఆ లంకే కొట్టుకుపోయింది. మామ్మ తెచ్చుకున్న గింజలు పేడలో కలిపి మా వంటింటి గోడకి కొట్టి ఉండేవి. ఏటా పెరట్లో నాలుగు గింజలు వేసేది. మా వైపు నల్లమట్టి ఎండకి పగులుతుంది, నూతిలో ఉప్పునీళ్ళు. మొలక వచ్చి, రెండాకులు వేసి, మాడిపోయేది. ఆ ఏటికి గోడ మీద మిగిలినవి తొమ్మిది గింజలు.

"ఇంక వెయ్యనులేవే. లంకే పోయింది, గింజలు పోతే ఏంటి?" అంది మామ్మ.

పోవడమేంటని అక్క. పెరట్లో ఇసక లేదు, మంచినీళ్ళు లేవు. కాలవలో రెండూ ఉన్నాయి. జానెడు తవ్వితే తడి, మూరెడు తవ్వితే చెలమ ఊరి తియ్యటి నీళ్ళు. అది తొమ్మిది గింజలూ అడిగింది. మామ్మ ఇచ్చేసింది. నీళ్ళు వచ్చేలోపు కాయ పండితేనే విత్తనం దక్కుతుంది, లేకపోతే మామ్మ దోసకాయ మామ్మ మాటల్లోనే ఉండిపోతుంది. యాభై రోజులే గడువు.

తొమ్మిదిట్లో మూడు మొలిచాయి. ఒకటి మేక తింది. ఒకటి ఎందుకో వాడిపోయింది. మిగిలిన ఒక్కదానికీ అక్క తాటాకు గొడుగు కట్టింది, చుట్టూ తుమ్మకంప నాటింది. పక్కనే చెలమ తీసి, పొద్దున పది కొబ్బరిచిప్పల నీళ్ళు, సాయంత్రం పది. లెక్క తప్పితే మొదటినుంచి మళ్ళీ పోసేది.

కాలవ లస్కరు యలమంద వచ్చి చూశాడు. కాలవకి కాపలా, లాకు దగ్గర పని అతనిది.

"అమ్మాయిగారూ, ఇది సర్కారువారి కాలవండీ. ఇందులో పాదులు పెట్టకూడదు. పీకేస్తాను."

"సర్కారువారికి కాలవ ఎప్పుడు కావాలి?" అంది అక్క.

"మృగశిరకండీ."

"అందాకా ఈ జానెడు చోటుతో వాళ్ళకేం పని?"

"దొరగారు తనిఖీకి వస్తేనో?"

"వస్తే నన్ను పిలు. నేను మాట్లాడతాను."

యలమంద నవ్వాపుకోలేక తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు. "సరేనండీ. నీళ్ళు వదిలే ముందు పైనించి కబురొస్తుంది. ముందు మీకే చెప్తాను," అని వెళ్ళిపోయాడు. ఊళ్ళోవాళ్ళు మాత్రం నవ్వు దాచుకోలేదు. "మాస్టారు గారి అమ్మాయి కాలవలో కాపురం పెట్టింది" అని మొహం మీదే అనేవారు. అక్క చెవిన పెట్టేది కాదు.

పాదు పూతకొచ్చి అయిదు పిందెలు పట్టిన వేళకి మోపిదేవి ప్రయాణం వచ్చిపడింది. అక్క మొక్కు బిడ్డ. తొమ్మిదో ఏట దాని చేత్తోనే సుబ్రహ్మణ్యేశ్వరస్వామికి పాలు పోయిస్తానని అమ్మ మొక్కుకుంది. ఎడ్లబండిలో మోపిదేవి, అక్కణ్ణుంచి హంసలదీవి వెళ్ళి సముద్రస్నానం, మొత్తం అయిదు రోజులు. మా ఇంట్లో అంతకుముందు ఎవరం సముద్రంలో మునిగింది లేదు. నేను నెల రోజులనించీ ఆ బండి గురించే కలవరిస్తున్నాను.

తీరా ప్రయాణానికి పది రోజుల ముందు నాకు ఆటలమ్మ పోసింది. తగ్గింది గానీ, గుడికి తీసుకెళ్ళకూడదన్నారు. మోకాళ్ళ నొప్పుల మామ్మతో నన్ను ఇంట్లో ఉంచేశారు. అక్కేమో రానంటే రానని స్తంభం పట్టుకుంది. "పాదుకి నీళ్ళు ఎవరు పోస్తారు?" అని ఒకటే గోల. వెళ్ళాలని ఏడ్చేదాన్ని వదిలేసి, వెళ్ళనని ఏడ్చేదాన్ని రెక్క పట్టుకుని బండెక్కించారు. పెద్దవాళ్ళ న్యాయం ఎప్పుడూ అంతే.

బండి కదులుతుంటే అక్క వంగి నా చేతిలో కొబ్బరిచిప్ప పెట్టింది. "పొద్దున పది, సాయంత్రం పది. భాగ్యం, నీ మీదే వదిలేసి వెళ్తున్నానే."

మొదటిరోజు పోశాను. రెండోరోజు పొద్దున చెలమ దగ్గర కూర్చుంటే, ఈపాటికి అది సముద్రం చూస్తుంటుందని గుర్తొచ్చింది. నాకు సముద్రం లేదు గానీ దాని దోసపాదుకి నేను చాకిరీ చెయ్యాలా అనిపించింది. చిప్ప ఇసకలోకి విసిరేసి వచ్చేశాను. సాయంత్రం మామ్మ అడిగింది, "పోశావే?" అని. "పోశాను," అన్నాను. మూడోరోజూ అంతే, నాలుగోరోజూ అంతే. రోహిణి కార్తె ఇంకా రాకముందే రోళ్ళు పగిలే ఎండ. అయిదోరోజు పొద్దున భయమేసి పరిగెత్తాను. ఆకులు వేలాడిపోయి, పిందెలు నాలుగు రాలిపోయి ఉన్నాయి. ఒక్కటి మిగిలింది. చెలమ తిరగతవ్వి, ఊరినన్ని నీళ్ళు ఊరినట్టే తెచ్చి, లెక్కాపత్రం లేకుండా కుమ్మరించాను.

బండి వచ్చింది. అక్క ఇంట్లోకి రాలేదు, తిన్నగా కాలవలోకి దిగింది. వెనకాలే వెళ్ళాను. అది పాదు చూసింది, రాలిన పిందెల్ని చూసింది.

"నీళ్ళు పోశావా?"

"పోశాను."

అది పరికిణీ చెరగు ముడి విప్పింది. అందులో గవ్వలు, దోసెడు. "నీకే. నాకు ఒక్కటి కూడా ఉంచుకోలేదు," అని నా చేతుల్లో పోసి, చిప్ప వెతుక్కుని చెలమ దగ్గర కూర్చుంది. ఆ గవ్వలతో నేను ఒక్కరోజు కూడా ఆడుకోలేకపోయాను.

ఆ మిగిలిన ఒక్క కాయకీ అక్క చేసిన సేవ చూసి ఊరు నవ్వడం మానేసింది. కింద గడ్డి పరిచింది. ఎండ తిరిగినప్పుడల్లా తాటాకు తిప్పింది. సాయంత్రాలు అమ్మ అన్నం ముద్దలు పాదు దగ్గరికే తీసుకెళ్ళి పెట్టేది. కాయ పెరిగింది. పచ్చచారలు ఇంకా పోలేదు, పసుపు ఒక పక్కే తిరుగుతోంది. మృగశిర ఇంకా నాలుగు రోజులుందనగా పొద్దున్నే యలమంద వచ్చాడు.

"పై లాకు ఎత్తేశారండీ అమ్మాయిగారూ. ఈసారి ముందే వదిలారు. మధ్యాన్నానికి మన వంతెన కిందకొచ్చేస్తాయి. కోసేసుకోండి."

అక్క కొయ్యలేదు. "తీగెనున్నంత సేపూ పండుతూనే ఉంటుంది," అని పాదు పక్కన నిలబడింది.

కొత్తనీరు వచ్చే రోజు మాకు తిరణాల. ఆడవాళ్ళు పసుపు కుంకాలతో గట్టున నిలబడతారు. పిల్లలు కాలవలో నీటికి ముందు పరిగెత్తాలి, కాలు తడిస్తే ఓడినట్టు. నీళ్ళు ఎండుటాకుల్నీ గడ్డినీ నురగనీ తోసుకుంటూ వంపు తిరిగాయి. అందరం కేకలేస్తూ పరిగెత్తాం. కొంత దూరం పోయాక వెనక్కి చూశాను. అక్క కదల్లేదు. నీళ్ళు తుమ్మకంప తాకాయి, తాటాకు పడిపోయింది. గట్టు మీంచి అమ్మ అరుస్తోంది. నీళ్ళు పాదు మొదలు తడిపాయి. అప్పుడు వంగి, చాకుతో తొడిమ పొడుగ్గా ఉంచి కోసి, కాయ రెండు చేతులతో తలమీదకి ఎత్తి పట్టుకుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో గట్టు వైపు నడిచొచ్చింది. యలమంద చెయ్యిచ్చి పైకి లాగాడు.

ఆ కాయ గడ్డిలో చుట్టి అటక మీద పెట్టారు. పన్నెండు రోజులకి పండింది. ఇల్లంతా వాసన. మామ్మ నిద్రలేచి అటక వైపు చూస్తూ కూర్చునేది. "అదే, అదే వాసన," అని గొణిగేది. పదమూడోరోజు కత్తిపీట వేసుకుని తనే కోసింది. దోసకాయ చేదు చూడకుండా మా ఇళ్ళల్లో ఎవరూ ముట్టరు కదా. చివర చిన్న ముక్క కోసి నోట్లో వేసుకుంది. నమలడం ఆపేసింది.

"చేదేనే తల్లీ," అంది.

మామ్మ గింజలు వేలితో ఒత్తి చూసింది. "గింజ పండింది, విత్తనం తప్పేం లేదు. పిందె మీద దాహం పడితే ఇలా చేదెక్కుతుంది. నడుమ మూడు రోజులు నీళ్ళు తప్పినట్టున్నాయి."

"భాగ్యం పోసిందిగా," అన్నారు నాన్నగారు, పాపం నా తరఫున.

అక్క నా వైపు చూసింది. ఒక్క క్షణమే. ఆ చూపు నాకు ఇప్పటికీ తెలుసు.

"ఎండ మరీ కాసింది మామ్మా, ఆ మూడు రోజులూ," అంది. అని కత్తిపీట దగ్గర కూర్చుని, ఒక ముక్క తీసుకుని, కళ్ళనీళ్ళు కారుతుంటే పూర్తిగా తినేసింది. నన్ను రెండు దెబ్బలు వేసి ఉంటే ఎంత బాగుండేదో! నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది, చెప్పెయ్యాలనీ ఉంది, అయినా చెప్పలేదు. అక్క గింజలన్నీ కడిగి, బూడిద పట్టించి, పేడలో కలిపి గోడకి కొట్టింది. నూట అరవై రెండు. నేనూ లెక్కపెట్టాను.

మరుసటేడు కాలవ కట్టేశారు. అక్క గోతులు తీసి, గింజలు పెట్టి, చెలమ తవ్వింది. తవ్వి, కొబ్బరిచిప్ప తెచ్చి నా చేతిలో పెట్టింది.

"ఈ ఏడు నీళ్ళు నీవి. నేను చెయ్యి పెట్టను."

"అక్కా, పోయినేడు నేను..."

"తెలుసు. రోజూ తోడిన చెలమేదో, అవాళే తిరగతవ్విన చెలమేదో నాకు తెలీదా?"

"మరి అమ్మతో చెప్పలేదేం?"

"చెప్తే నిన్ను కొడతారు. కాయకి తీపొస్తుందా?" అని ఇసక దులుపుకుని లేచింది. "పొద్దున పది, సాయంత్రం పది."

అన్న మాట మీద నిలబడింది. నాకు జ్వరం తగిలిన రోజు కూడా చిప్ప ముట్టలేదు, నన్ను ఎత్తుకుని చెలమ దగ్గర కూర్చోబెట్టింది. పిందెలు పడ్డ వారం ఎండ మండిపోయింది. దానికి చేతులు దురద పెట్టే ఉంటాయి. అయినా గట్టు మీద చేతులు కట్టుకుని కూర్చుంది. ఏడో చిప్పో ఎనిమిదో చిప్పో మరిచిపోతే నేనే మొదటినుంచి మళ్ళీ పోశాను. ఆ ఏడు నీళ్ళు మృగశిర దాటాకే వచ్చాయి. నాలుగు పాదుల మీద పదకొండు కాయలు దిగాయి.

ఆ తరవాత దానికి పెళ్ళయింది, గుడివాడ వెళ్ళింది, పదకొండుమంది ఇంట్లో యాభై ఏళ్ళు సంసారం ఈదింది. ఏ వేసవికీ మా ఇంటికి ఆ దోసకాయల బుట్ట రాకుండా లేదు. ఎలా పండించేదో, ఎవరితో పోట్లాడి ఏ ఇసక సంపాదించేదో అదో పెద్ద కథ. చుట్టాలు దాన్నే ఓర్పు అనుకుంటున్నారు కాబోలు.

నాకు గుర్తున్నది మాత్రం ఆ రెండో ఏటి కత్తిపీట. మామ్మ చివర ముక్క కోసి, పండించిన పిల్ల కదా అని అక్కకి ఇవ్వబోయింది. అక్క చెయ్యి చాపలేదు.

"భాగ్యానికియ్యి మామ్మా," అంది. "నీళ్ళు పోసింది అది."