బతికున్న పిల్లకు దండ

ఈ సంగతి నేను చాలా ఏళ్ల కిందటే రాయవలసింది. అప్పటికి నాకు అక్షరాలు రావు. రఘునాథపల్లి దగ్గర మా ఊరి బడి మా ఇంటికి నాలుగిళ్ల అవతలే ఉండేది. తమ్ముణ్ణి చంకన వేసుకుని ఆ బడి కిటికీ దాకా పోయేదాన్ని. వాడు ఏడుస్తాడని పంతులు లోపలికి రానిచ్చేవాడు కాదు. మేం అమ్మను అవ్వ అంటాం. వాణ్ణి ఇంట్లో వదిలేస్తే మా అవ్వ నాట్లకు పోలేకపోయేది. వాడు బడికి పోయే వేళకు నేనూ నాట్లకు పోయే ఈడుకొచ్చాను. ఆ తమ్ముడు చదువుకుని ఇప్పుడు భూపాలపల్లి బొగ్గు బావుల్లో కొలువు చేస్తున్నాడు. వాడి తప్పేమీ లేదు. కానీ ఈ మాట వచ్చినప్పుడల్లా "పోనీ తియ్యక్కా, నీ చంకల పెరిగిన గదా" అని నవ్వుతాడు. ఆ నవ్వుకు నాకు ఒళ్లు మండుతుంది.

పెళ్లయి జనగామ వచ్చాను. మా ఆయన మార్కెట్ యార్డులో హమాలీ. నేను బస్టాండు దగ్గర ఒక మందుల దుకాణంలో పొద్దున్నే ఊడ్చి తడిగుడ్డ పెట్టే పనికి కుదిరాను. పదకొండేళ్లు చేశాను. ఆ దుకాణంలో దేవుడి పటాల పక్కన అద్దం కట్టించిన ఒక కాగితం ఉండేది. కాగితం మూలన ఒక ఆడపిల్ల ఫోటో. రెండు జడలు, చెవులకు చిన్న కమ్మలు. పటాల వరుసలో ఉంది, ఆ పిల్ల ఎన్నడూ దుకాణంలో కనపడలేదు. పాపం, దుకాణందారు బిడ్డో చెల్లెలో చిన్న వయసులో పోయి ఉంటుందని అనుకున్నాను. శుక్రవారం పటాలకు పూలు పెట్టగా మిగిలిన మూర ఆ ఫోటోకు వేసేదాన్ని. అద్దం మీద చిన్న బొట్టు కూడా పెట్టేదాన్ని. దుకాణందారు చూస్తూనే ఉండేవాడు. ఒక్కనాడు కూడా ఆమె ఎవరో చెప్పలేదు.

మా ఆయనకు బీపీ, షుగర్ రెండూ ఉన్నాయి. షుగర్ గోలి పొద్దున ఒక్కటే వేసుకోవాలి. బీపీ గోలి రెండు పూటలా వేసుకోవాలి. రెండూ తెల్లటివే, రెండూ ఒకే తీరు అట్టలో వస్తాయి. మేము ఎన్నడూ అట్ట మొత్తం కొన్నది లేదు. వారానికి సరిపడా కత్తెరతో కత్తిరించి ఇచ్చేవాడు. పేరు, తేదీ ఉన్న చివర దుకాణంలోనే ఉండేది. ఏ మందో, ఎప్పటిదో అతనికి తెలియాలి కదా! మాకు మిగిలేది పేరు లేని ముక్క. అందుకే నేను ఒక ఏర్పాటు చేసుకున్నాను. షుగర్ ముక్కకు ఒక మూల కత్తిరించమని చెప్పేదాన్ని. మూల పోయింది ఒక పూట, మూల ఉన్నది రెండు పూటలు. మా వాడకట్టులో చదువు రాని ఆడవాళ్లు చాలామంది నన్ను చూసి అలాగే చేసేవాళ్లు.

ఒకసారి దుకాణందారు ఫోన్ మాట్లాడుతూ బీపీ ముక్కకు మూల కత్తిరించాడు. నాకు తెలియదు. రెండు పూటలా షుగర్ గోలి వేశాను. మూడో రోజు సాయంత్రం ఆయన చెమటలు కారుతూ గడప దగ్గరే పడిపోయాడు. దవాఖానలో గ్లూకోజు ఎక్కించారు, బతికాడు. అక్కడ నర్సు రెండు ముక్కలూ తిప్పి తిప్పి చూసి, "మూల కత్తిరించుడేందవ్వా, గోలీలకు చెవులు కుట్టిస్తున్నవా?" అంది. అందరూ నవ్వారు. డాక్టరు, "చదువు రాదా? ఇంట్లో చదువుకున్నవాళ్లు లేరా?" అని అరిచాడు. మా ఆయన వైపు వాళ్లు వచ్చి, "మనిషిని సంపేదానివి గదనే" అన్నారు. వచ్చిన ప్రతి ఒక్కరూ నాకు చదువు వచ్చా అని అడిగారు. ఆ ముక్క ఎవరు కత్తిరించారని ఒక్కరూ అడగలేదు.

ఆ కోపంతోనే అక్షరాలు నేర్చుకున్నాను. అప్పుడు మా చిన్నబిడ్డ పదో తరగతి. పలక తెచ్చి కూచోబెట్టింది. ఏడాదికి కూడబలుక్కుని చదవడం వచ్చింది. వచ్చిన రోజే దుకాణంలో ఊడుస్తూ గోలీల పెట్టె తీసి చూశాను. పెట్టె నిండా రాత, అందులో ఒక్క తెలుగక్షరం లేదు. జనగామలో అమ్మే మందు, జనగామ మనుషులు మింగే మందు, దాని మీద మా రాత ఉండదా? చదువు రాదా అని అరిచిన డాక్టరు కూడా ఈ మాట నాకు చెప్పలేదు. ఇంటికొచ్చి అరిస్తే బిడ్డ నన్ను ఊరుకోబెట్టి, స్కెచ్ పెన్నుతో ఒక ముక్క మీద "షుగర్, పొద్దున", ఇంకో దాని మీద "బీపీ, రెండు పూటలు" అని తెలుగులో రాసింది. తర్వాత వాడకట్టు ఆడవాళ్లంతా తమ ముక్కలు పట్టుకుని దాని దగ్గరికే వచ్చేవాళ్లు. అది ఫార్మసీ చదువుతానన్నది అందుకే.

ఒకరోజు దాన్ని దుకాణానికి తీసుకుపోయి, అద్దం కట్టిన ఇంగ్లీషు కాగితంలో ఏముందో చదవమన్నాను. మెడ ఎత్తి చదివి, దండ వైపు చూసి, నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

"అవ్వా, ఈమె సచ్చిపోలే. ఈమె ఫార్మసిస్టు. ఇది ఈమె సర్టిఫికెటు, ఇది లేకుంటె దుకాణం నడపొద్దు. ఈడ గోలీలు ఇయ్యాల్సింది ఈమెనే."

నేను దుకాణందారును అడిగాను. అతను కౌంటరు మీది నుంచి తల కూడా ఎత్తలేదు.

"ఆమె డోర్నకల్ల సంసారం జేసుకుంటుంది. కాయితం మాకిచ్చింది, నెలనెల కిరాయి పోతది. అందరు గట్లనే నడుపుతున్నరు. నీకెందుకక్కా పరేషాన్, నువ్వు ఊడువు."

మర్నాటి నుంచి ఊడ్వడానికి పోలేదు. అదొక్కటే చేశాను. మందులు మాత్రం అక్కడే తెచ్చుకున్నాను, దగ్గర అని. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

ఈ ఏడాది మా బిడ్డ ఫార్మసీ చదువు పూర్తయింది. దాని పేరు మీద కూడా అలాంటి కాగితమే వచ్చింది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అంటాం. అక్కడ ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో మందుల కౌంటరుకు మనిషి కావాలన్నారు. రోజంతా నిలబడే పని, జీతం తక్కువ. వస్తావో రావో ఆదివారం దాటకుండా చెప్పమన్నారు. అది ఊగిసలాడుతుండగా సరిగ్గా ఆ ఆదివారమే మా తమ్ముడు భూపాలపల్లి నుంచి ఒకాయనను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆయన అక్కడ కొత్తగా మందుల దుకాణం పెడుతున్నాడు.

"కోడలు పిల్ల అదృష్టం జూడక్కా. ఇంట్ల కూసోని సర్కారు కొలువు పరీక్షలకు సదువుకుంటది. కాయితం పనిజేస్తది," అన్నాడు తమ్ముడు.

"నేను రానక్కర లేదా మామా?" అంది బిడ్డ.

దానికి ఆ వచ్చినాయన జవాబిచ్చాడు. "ఎందుకు బిడ్డా గంత దూరం? కాయితం, ఒక పెద్ద ఫోటో ఇయ్యి. అద్దం మంచిది కట్టిపిస్త. ఎవలన్న తనిఖీకొస్తె, అన్నం తిననీకి పోయిందని జెప్తం."

"నేనే వచ్చి కౌంటర్ల నిలబడతనంటె?"

ఆయన నవ్వాడు. "నువ్వొస్తె కష్టం బిడ్డా. డాక్టర్ చిట్టీ లేంది గోలి ఇయ్యనంటవ్. ఇది దానితోని కలపొద్దంటవ్. గిరాకీ అంత పక్క దుకాణానికి పోతది. సదువుకున్నోళ్లు కాయితం మీదుంటెనే అందం."

ఆ మాటకు మా తమ్ముడు కూడా నవ్వాడు.

"ఫోటో ఇయ్యను," అన్నాను.

"ఫోటోకేమైతదక్కా? నీ బిడ్డ ఫోటో గోడ మీద ఉంటె గొప్పే గదా!"

"ఊడ్చే ఆమె వచ్చి దండేస్తది. నేనేసిన. ఏండ్ల తరబడి బతికున్న పిల్లకు దండేసిన. నా బిడ్డకు గూడ ఏపియ్యాల్నా?"

మంచం మీదున్న మా ఆయన, "మొదలు వాళ్లకు చాయ్ పొయ్యి, తర్వాత కొట్లాడు," అన్నాడు. చాయ్ పోశాను. తమ్ముడికి గ్లాసు ఇస్తూ, "నీ కోసం ఒకసారి బడి బయట నిలబడ్డ. ఇప్పుడు నా బిడ్డను దాని పని బయట నిలబెడ్తున్నవ్," అన్నాను. వాడు ఈసారి నవ్వలేదు. చాయ్ సగం తాగి, "ఆలోచించుకోన్రి," అని లేచాడు.

వాళ్లు పోయాక బిడ్డ శాంతంగా ఉంటుందనుకున్నాను. నా మీదికే లేచింది.

"పెద్దగ మాట్లాడినవ్. మా క్లాసోళ్లు సగం మంది గిట్లనే ఇచ్చిన్రు. వాళ్లంత చెడ్డోళ్లా? దుకాణపోళ్లకు మనిషి వద్దు, కాయితమే కావాలె. నేనొక్కదాన్ని మానుకోటకు పోయి నిలబడితె ఏం మారుతదవ్వా?"

"మన వాడకట్టుల నువ్వొక్కదానివే గదా పేర్లు రాసింది. మారలేదా?"

"నువ్వు మారినవా?" అంది. లేచి పోయి గోలీల డబ్బా తెచ్చి నా ముందు గుమ్మరించింది. అన్నీ పేరు లేని ముక్కలే. "చదువొచ్చి ఎన్నేండ్లాయె? ఇప్పటికి గా దుకాణంల నుంచే తెస్తున్నవ్. దుకాణపాయన పేరున్న దిక్కు ఉంచుకుంటె నోరు మూసుకోని వస్తున్నవ్. నేను రాసిస్తనని ధైర్యం. రేపు నేను కౌంటర్ల నిలబడి పేరు కనపడేటట్టు ఇస్తె, అడిగేటోళ్లు ఉండాలె గదా. నువ్వే అడగవు. ఇంకెవరడుగుతరు?"

అవమానం అయింది, నిజం చెబుతున్నాను. అప్పటిదాకా నా కోపమంతా దుకాణందారు మీద, డాక్టరు మీద, తమ్ముడి మీద. అందులో నా వాటా కూడా ఉందని నా బిడ్డ చెప్పేదాకా తెలియలేదు. నాకు భయం ఉండేది. అడిగితే, చదువు కొత్తగా వచ్చి ఎగురుతోందని నలుగురూ నవ్వుతారేమోనని.

"నేనడుగుత," అన్నాను.

"ఎప్పుడు?"

"రేపే."

అది ఫోన్ తీసి, మానుకోట దవాఖానకు, "పొద్దున బండికి వస్తున్న సార్," అని చెప్పింది. పెట్టిన వెంటనే మేనమామకు చేసి, "కాయితం ఇయ్యను మామా, దాని ఎంబడి నేను పోవాలె," అంది.

మర్నాడు పొద్దున దాన్ని స్టేషన్‌లో రైలెక్కించాను. కాగితం దాని సంచిలోనే ఉంది. అటు నుంచి అటే దుకాణానికి పోయాను. అప్పటికే నలుగురు నిలబడి ఉన్నారు. షుగర్ గోలీలు ఏడు అడిగాను. అతను అలవాటు ప్రకారం కత్తిరించి పేరు లేని ముక్క జరిపాడు. నేను దాన్ని వెనక్కి తోశాను.

"పేరున్న ముక్క ఇయ్యి."

"అది మాకుండాలె అక్కా."

"మింగేది మేము. పేరు మాకుండాలె. లేకుంటె దీని మీద పేరు, తేదీ రాసియ్యి."

వెనక ఉన్న ముసలాయన తన చేతిలోని ముక్కను తిప్పి చూసుకుని, "అవునే, నా దాని మీద గూడ లేదు," అన్నాడు. దుకాణందారు నన్నూ, ఆయననూ చూసి, పెన్ను తీసి గట్టిగా ఒత్తి రాశాడు. ఇంగ్లీషులోనే రాశాడు. పేరున్న ముక్కను పక్కన పెట్టించి, ఒక్కో అక్షరం పోల్చి, సరిగ్గా ఉందని చూసుకున్నాకే పైసలిచ్చాను.

తిరిగి వస్తూ గోడ వైపు చూశాను. ఫోటోకు ఇంకా దండ ఉంది, నా తర్వాత ఊడ్వడానికి వచ్చినామె వేసిందే. ఆమె చీపురు పట్టుకుని గడప దగ్గరే నిలబడి ఉంది. ఆమె దగ్గరికి పోయి చెప్పాను.

"గా పిల్ల బతికే ఉన్నది చెల్లె. దండ తీసెయ్యి."