ఖుతుబుద్దీన్ దీక్ష వంతు

మేకపోతును చూపుతోనే తూచగల ఖుతుబుద్దీన్‌కు తన పొట్ట బరువు మాత్రం ఎన్నడూ పట్టలేదు. ప్రత్యేక రాష్ట్రం కోసం రోజుకొకరు పస్తుండే సిద్దిపేట రిలే దీక్షలో మటన్ దుకాణదార్ల వంతు దసరా మరునాడు. ఆ రోజు తానే పస్తు కూర్చుంటానని నలుగురిలో మాటిచ్చాడు. ఆ వంతు రాకముందే, ఒక పొద్దున దుకాణంలోనే గుండె పట్టేసింది.

సకల జనుల సమ్మెతో బస్సుల్లేవు. ఉన్నా, హైదరాబాద్ చేరేదాకా ఆ గుండె ఆగేదా? ఒక ప్రాంతాన్ని అర్ధశతాబ్దం నిరీక్షింపజేసిన పాలకులకు ఈ ప్రశ్న తట్టనే లేదు. నంగునూరు నుంచి మేకలు తెచ్చే రాజమల్లయ్య, స్నేహితుణ్ని ఆటోలో వేసుకుని దగ్గరి దవాఖానకు చేర్చాడు. ఇంజెక్షన్‌తో గుండె నాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డ కరిగింది, రక్తం పారింది, పారగానే గుండె లయ తప్పి, అతికష్టమ్మీద కుదుటపడింది.

"రక్తం ఆగితే ఒక దెబ్బ, ఆగిన రక్తం మళ్ల ఒక్కసారే వస్తే ఇంకో దెబ్బ," అని డాక్టర్ భవాని ఖుతుబుద్దీన్ భార్య గులాబ్‌బీకి వివరించింది.

"కరెంటొచ్చుడుతోనే మోటరు కాలినట్టా, డాక్టరమ్మా?" అన్నాడు రాజమల్లయ్య.

"గట్లనే అనుకో. మన ఒంట్ల కొవ్వు అడిపోనెక్టిన్ అనే హార్మోను తయారు చేస్తది. ఆ రెండో దెబ్బ నుంచి అది గుండెను కాస్తదని ఎలుకల మీద చూసిన్రు. మనుషులకు మందుగ ఇంకా రాలే."

రాజమల్లయ్య చెవిలో 'కొవ్వు' ఒక్కటే మిగిలింది. మరునాడు స్టీలు గిన్నె నిండా చర్బీ వేపుడుతో ప్రత్యక్షమయ్యాడు.

"ఇదేంది?" అని నిలదీసింది భవాని.

"మందు! మీరే చెప్తిరి గద."

"తినే కొవ్వు గాదయ్యా! పొట్ట పెరిగినకొద్దీ ఆ హార్మోను తగ్గుతది. భాయ్‌కు పొట్ట పెద్దది, కాపలా చిన్నది."

ఖుతుబుద్దీన్ పొట్టను తడిమాడు. "ఇన్నేండ్లు సాకితే దగా చేసిందా ఇది? అయితే పస్తుండుడు మంచిదే గద. పొట్ట తగ్గుతది. నా వంతుకు నేనే కూసుంట."

"పొట్ట మెల్లగ తగ్గాలె. ఇప్పుడు పస్తుంటే పానం మీదికొస్తది."

"మాటిచ్చిన, డాక్టరమ్మా. తప్పితే ఏ మొఖంతోని బజార్ల తిరగాలె?"

"అజీ, మొఖం సంగతి తర్వాత. మొదలు ఊపిరుండాలె," అన్నది గులాబ్‌బీ.

దసరా మరునాటికి ఇల్లు చేరి ఉన్నాడు. పొద్దున్నే భార్య కనిపించకపోవడం చూసి, ఇదే అదనని ఆటో ఎక్కి టెంటుకు వచ్చాడు. మటన్ దుకాణదార్ల బ్యానరు కింద, మెడలో పూలదండతో గులాబ్‌బీ కూర్చుని ఉంది.

"ఇది నా జాగ!" అని హక్కు కోసం వాదానికి దిగాడు.

"మాట ఇంటిది. ఇంట్ల ఎవరు కూసున్నా చెల్లుతది. పోయి ఇడ్లీ తిని గోలీలేసుకోండ్రి."

"నువ్వు పస్తుంటే నేను తినాల్నా?"

"తినకుంటే నేను లేస్త. అప్పుడు మీ మాట నిజంగనే తప్పుతది."

ఖుతుబుద్దీన్ దీక్షాపరుల కంట పడకుండా టెంటు వెనక్కి పోయి ఇడ్లీ తిన్నాడు. మందు వేసుకుని, మూతి తుడుచుకుని వచ్చి ఆమె పక్కన ఒదిగి కూర్చున్నాడు. కాసేపటికి రోషం ఆగక పిడికిలెత్తి "జై" అన్నాడు. గట్టిగా అరవనీయొద్దన్న డాక్టర్ హెచ్చరిక గుర్తొచ్చి, గులాబ్‌బీ అతని పిడికిలిని ఒళ్లోకి దించి, "తెలంగాణ!" అని మిగతాది తానే పూర్తి చేసింది.