సుభద్రమ్మగారి గుండుసూది

డాక్టర్ సుభద్రమ్మగారు ఇక లేరన్న వార్త మొన్న పొద్దున దుకాణం షట్టరు ఎత్తుతుండగా వచ్చి నెత్తిన పడింది. పంజగుట్ట చౌరస్తాలో నీళ్ల ట్యాంకరు గుద్ది, ఆవిడను చాలా దూరం ఈడ్చుకుపోయిందట. రోగి అరిస్తే ఆనందించే వైద్యురాలు, తాను అరిచే వ్యవధి కూడా లేకుండా వెళ్లిపోయారు. చెప్పినవాణ్ని మూడుసార్లు అడిగాను. మొదటిమాటకు దేన్నీ ఒప్పుకునే అలవాటు మా ఇంటావంటా లేదు.

అమీర్‌పేట సందులో కింద నా దుకాణం, పైన ఆవిడ ఆసుపత్రి. సాఫ్ట్‌వేరు కోర్సులకు వచ్చే పిల్లలకు నేను ఇంటర్వ్యూ చొక్కాలు, టైలు అమ్ముకునేవాణ్ని. ఆవిడ ఉగ్రమూర్తి. చక్కెర జబ్బువాడెవడైనా మెట్లెక్కితే చాలు, నా కొత్త చొక్కాల నుంచి ఏరుకుపోయిన గుండుసూదిని స్పిరిట్‌తో తుడిచి అరికాలిలో పొడిచేవారు. కెవ్వుమంటే శభాష్ అనేవారు. ఊరుకుంటే ఏడుతరాలనూ తిట్టేవారు.

"నొప్పి శత్రువు కాదయ్యా, కాపలావాడు" అనేవారు. "గాయమైన చోట నరం కొసలే ముందు పసిగడతాయి. మెదడుకు కబురంపుతాయి, రక్తనాళాలను తెరిపించి సాయం పిలుస్తాయి. పనైపోయాక వాపును ఇక చాలని ఆపడంలోనూ వాటి చెయ్యి ఉంటుంది."

నేను తలూపేవాణ్ని. వినడానికి ఖర్చేముంది?

ఒక ఏడాది రెండు కోచింగ్ సెంటర్లవాళ్లు ఫ్లెక్సీలు కట్టే చోటు కోసం నా దుకాణం ముందే వెదురుబొంగులతో తలలు పగలగొట్టుకున్నారు. ఒకడు నా అద్దంలోంచి దూసుకొచ్చి చొక్కాల మీద పడ్డాడు. తెల్లచొక్కాలు ఎర్రబడ్డాయి. కొట్టు లక్ష్మీస్థానం కాబట్టి మేం చెప్పులు గుమ్మం బయటే విడుస్తాం. ఆ గాజుపెంకుల మధ్య వట్టికాళ్లతో తిరుగుతూ సరుకంతా కాపాడుకున్నాను. నా ఒంటి మీద గీత కూడా పడలేదని వారం రోజులు వీధంతా గొప్పలు చెప్పుకున్నాను.

కొట్లో వాసన మొదలైతే మురుగుకాలువను తిట్టాను. వాసన పట్టుకుని పైనుంచి ఆవిడే దిగివచ్చారు. నా కాలర్ పట్టి కూర్చోబెట్టి, ఎడమకాలు తిప్పి చూశారు. పాదం నల్లగా ఉబ్బి ఉంది, అరికాలిలో వేలి కణుపంత గాజుముక్క. సూదితో ఐదుచోట్ల పొడిచారు. నాకేమీ తెలియలేదు.

"చక్కెర నీ నరాలను తినేసింది. కబురు చెప్పేవాడు లేడు, వాపును అదుపు చేసేవాడూ లేడు. కాలే తీసెయ్యాలేమో."

ప్రాణం జారిపోతున్నా నోరు ఊరుకుంటుందా? "కాలెందుకమ్మా, జర చూసి చెప్పుండ్రి. రెండు వేళ్లు తీస్కొని ఇడిశిపెట్టుండ్రి" అన్నాను.

"బేరం నాతో కాదయ్యా, నీ నరంతో ఆడుకో. అది ఎక్కడ అరిస్తే అక్కడ ఆపుతా."

మత్తు ఇవ్వలేదు. చిటికెనవేలు పోయింది, పక్కది పోయింది. ఎవరి కాలో కోస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాను. చీము బల్ల మీంచి కారింది. కత్తి మూడోవేలు దాటి పాదంలోకి నడిచింది. కాంపౌండరు మొహం తిప్పుకున్నాడు. నేను మాత్రం ఎక్కడైనా ఒక్క నొప్పి తగలకపోతుందా అని దేవుళ్లందరినీ వేడుకుంటున్నాను.

తగిలింది. ఒళ్లంతా భగ్గుమంది. గొంతు చీలేలా అరిచి, రెండోకాలితో ఆవిడ మొహం మీద తన్నాను. కళ్లద్దాలు ఎగిరిపడ్డాయి, పెదవి చిట్లింది. ఆ నెత్తురు మోచేత్తో తుడుచుకుంటూ ఆవిడ నవ్వారు.

"బతికుందయ్యా. ఇక్కణ్నుంచి బతికుంది."

నేను రెండన్నాను, ఆవిడ మూడు దగ్గర తెంచారు. కాలు దక్కింది. నా జన్మలో అంత లాభసాటి బేరం మరొకటి లేదు.

నిన్న ఎర్రమంజిల్‌లో వారింటి ముందు ఆ భౌతికకాయాన్ని ఉంచారు. ట్యాంకరు ఏమీ మిగల్చలేదు, పాదాలు తప్ప. నాకు మిగిలిన ఏడు వేళ్ల మీద వంగి నమస్కరించాను. నా కాలర్‌కు ఎప్పుడూ ఉండే గుండుసూది చేతికి వచ్చింది. ఎవరూ చూడకుండా ఆ అరికాలిలో పొడిచాను. తరువాత ఇంకాస్త గట్టిగా పొడిచి, తిట్ల కోసం ఎదురుచూశాను.

ఇన్నేళ్లలో అవతలివారు ఒక్క మాటా అనకుండా ముగిసిన బేరం అదొక్కటే.