ముసలమ్మల వరసలో థింసా

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి, చెబుతాను.

నా చిన్నప్పుడు, పాడేరు అవతల కొండమీద మా ఊళ్లో, ఒక చలికాలం నాకు నెమ్ము కమ్మింది. రొమ్ములో పిల్లికూతలు, ఒళ్లు పెనంలా కాలిపోయేది. బతకదనుకున్నారట. ఆసుపత్రి సూదులు పనిచేశాయో, మా మామ్మ నన్ను పడుకోనివ్వకుండా ఒడిలో ఆనించుకు కూర్చున్నదే పనిచేసిందో, బతికాను. చైత్రానికల్లా బుగ్గలు కూడా వచ్చాయి. ఇక నాకు కావలసింది ఒక్కటే: చైత్రంలో మా కొండల్లో చేసే ఇటుకల పండగకు, థింసా ఆటలో పెద్ద గుంటల వరసలో, అంటే ఎదిగిన ఆడపిల్లలతో కలిసి ఆడటం. ఆ ఏడే నన్ను రానిస్తామన్నారు.

మామ్మ మాత్రం తన ముసలమ్మల వరసలోకి రమ్మంది.

“నానేటి, ముసలిదాన్నా? నెమ్ము ఎప్పుడో పోనాది కదేటి!” అని కాళ్లు నేలకేసి కొట్టాను.

ఆవిడ తిట్టలేదు. “ఎల్లు గుంటా, ఎల్లు. ఆయాసమొత్తే బేగి ఇటొచ్చీయ్. సోటుంచుతాను” అంది.

వెళ్లాను. వెనక చేతులు కలిపి తిరుగుతుంటే మొదట గాల్లో తేలినట్టే ఉంది. డప్పు జోరందుకుంది. ఊపిరి మాత్రం సగం దాకా వచ్చి ఆగిపోతోంది. అటూ ఇటూ ఉన్న అక్కల చేతులే నన్ను పడకుండా మోశాయి. మెల్లగా విడిపించుకుని, తల వంచుకుని మామ్మ వైపు నడిచాను.

“ఒచ్చీసినావేటే, మా ఈడు పిల్లా!” అని ఒక పళ్లులేని ముసలమ్మ నవ్వింది. నాకు ఏడుపొచ్చింది.

మామ్మ నా చెయ్యి తన నడుముకు చుట్టుకుంది. “రాత్తిరంతా మంచె మీద అరిసి అడివిపందుల్ని తోలినోడు తెల్లారి కేకెయ్యగల్డేటే? నీ వొంట్లో కాపలావోళ్లూ అంతే. నెమ్ముని తోలీసినారు గానీ, ఆళ్లు ముసిలోళ్లైపోనారు. నువ్వు గుంటవే. ఆళ్లకి తగ్గట్టు ఆడు” అంది.

ఆ వరసలోనూ అవే అడుగులు. కాకపోతే నిదానం. పాట పాటకీ కూర్చుని జావ తాగడం, ఊళ్లోవాళ్ల మీద కబుర్లు. పెద్ద గుంటలు అలసి నీడకు చేరాక కూడా మేం తిరుగుతూనే ఉన్నాం. డప్పులు ఆగేదాకా ఆడాను.

ఆ తర్వాత ప్రతి చలికీ దగ్గు నన్నే వెతుక్కుంటూ వచ్చేది. మొన్న మా డాక్టరమ్మ, నా మనవరాలి వయసుది, ఆ పాత నెమ్ము సంగతి విని, అంత పెద్ద జబ్బు కొందరి ఒంటి కాపలాను వయసు రాకముందే ముసలిదాన్ని చేస్తుందని చెప్పి, మళ్లీ నెమ్ము రాకుండా టీకా వేసింది. మా మామ్మ చేతికి అందని సాయం అది.

ఇప్పటికీ కొండ ఎక్కేటప్పుడు దాటిపోయేవాళ్లను దాటిపోనిస్తాను. ఆగాలనిపించిన చోట సిగ్గుపడకుండా ఆగుతాను. తోటివాళ్లు కొందరు లేరు. నేను మాత్రం ఇంకా ఎక్కుతూనే ఉన్నాను.

మీ ఇంటిల్లిపాదికీ నిండు ఊపిరి ఉండాలి. నిదానంగా నడిచేవాళ్ల కోసం మిగతావాళ్లు ఆగే ఇల్లు కావాలి మీది.