మా వదినకు దొరికిన జాకెట్ పీసులు

మా వదినది చైనా. అన్న దుబాయ్‌లో ఉన్నప్పుడు ఇద్దరిదీ ఒకే కంపెనీ. అన్న గోదాములో సరుకు చూసేవాడు. ఆమె జాకెట్ల మీద పూలు, నెమళ్లు కుట్టే కంప్యూటర్ మిషన్లను బిగించి, చెడిపోతే బాగుచేసే ఇంజనీరు. పెళ్లయ్యాక అన్న ఇక గల్ఫ్ చాలనుకుని కోరుట్లలో మొబైల్ షాపు పెట్టాడు. ఆమె కూడా వెంట వచ్చింది. మా ఊళ్లోనూ ఆ మిషన్లే నడుస్తున్నాయని విని, పని దొరుకుతుందనే ధైర్యంతో వచ్చింది.

ఆ ధైర్యం తప్పేమీ కాదు. కోరుట్లలో, జగిత్యాలలో వీధికొక కంప్యూటర్ వర్క్ దుకాణం ఉంది. మిషన్లన్నీ చైనావే, తెర మీద సగం అక్షరాలు కూడా ఆ భాషవే. ఆగిపోతే సూరత్ నుంచి మిస్త్రీ రావాలి. అతను వచ్చేదాకా పెళ్లివాళ్ల జాకెట్లు అలాగే పడి ఉంటాయి. ఇంత అవసరమున్న చోట ఈమెకు ఉద్యోగం ఎందుకు దొరకలేదో చెప్పాలంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పిలవలేదని కాదు. తెగ పిలిచేవాళ్లు. "కోడలు పిల్లను ఒక్కసారి పంపు అక్కా" అని మా అమ్మకు ఫోను. వదిన పనిముట్ల సంచి భుజాన వేసుకుని బయలుదేరేది. బడిలో నేను చెప్పాల్సిన పాఠాలు అయిపోతే నేనూ తోడు వెళ్లేదాన్ని. ఆమె మిషన్ కింద దూరి, బాగుచేసి, నూనె చేతులు తుడుచుకునేలోపే ఆ ఇంటి ఆడవాళ్లు పళ్లెం పట్టుకొచ్చేవాళ్లు. బొట్టు పెట్టి, జాకెట్ పీసు, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టి, "మా ఇంటి బిడ్డ తీరే" అనేవాళ్లు. అంతే. సూరత్ మిస్త్రీకైతే లాడ్జి, బిర్యానీ, పైన కూలి. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. దేశం దాటి వచ్చిన మనిషి కూడా ఇంటి కూర ఎలా అయిపోయిందో నాకు అర్థం కాదు.

మొదట్లో వదిన మురిసిపోయింది. బీరువాలో ఒక అర నిండాక నన్ను అడిగింది.

"ఇది జీతమా?"

"కాదు, మర్యాద."

"మర్యాద నెలకు ఎంత?"

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. మా అమ్మతో చెబితే, "ఇంటి కోడలు పైసలడుగుతదా? నలుగురు నవ్విపోరా?" అంది. అన్న తల వంచుకుని అన్నం తిన్నాడు. తలుచుకుంటే అన్న మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

అంతలో దుబాయ్ పాత కంపెనీ నుంచి కబురు వచ్చింది, మళ్లీ వస్తావా అని. వదిన వెంటనే సరేననలేదు. ఇక్కడ ఒక్క చోట సరైన ఉద్యోగం దొరికినా ఉండిపోతానంది. నేను పట్టుబట్టి సిరిసిల్లలో అన్నకు తెలిసిన ఒక బట్టల యూనిట్ సేటుతో మాట్లాడాను. "తీస్కరా చెల్లె, పని జూసి పెట్టుకుంట" అన్నాడాయన.

ఆదివారం బస్సెక్కాం. "నేపాలా?" అని కండక్టర్ నన్నడిగితే, "కోరుట్ల" అని ఆమే చెప్పింది. వేములవాడలో బస్సు సగం ఖాళీ అయ్యాక సీట్లు దొరికాయి. దారంతా ఆమె ఇంటర్వ్యూకి వెళ్లే పిల్లలా దుపట్టా సర్దుకుంటూనే ఉంది.

సేటు మిషన్ చూపించి, "దారం ఊకె తెగుతుందని ఆమెకు చెప్పు" అన్నాడు నాతో.

"నాకే చెప్పు అన్నా, తెలుగు వస్తది" అంది వదిన.

"అరె, మంచిగ మాట్లాడుతదే!" అన్నాడు, అదీ నాతోనే.

మధ్యాహ్నానికి మిషన్ నడిచింది. పనివాళ్లు చుట్టూ చేరి ఫొటోలు తీసుకున్నారు. ఇక ఉద్యోగం మాట వస్తుందని నేను సేటు వైపు చూస్తుండగా లోపలి నుంచి వాళ్లమ్మ పళ్లెంతో వచ్చింది.

"రా బిడ్డా, బొట్టు పెట్టుకో."

వదిన చెయ్యి అడ్డం పెట్టింది. "నేను బొట్టుకు రాలే అమ్మా. పని కోసం వచ్చిన."

మా దగ్గర ముత్తైదువ బొట్టు వద్దనడం చిన్న మాట కాదు. ముసలామె ముఖం వాడిపోయింది. నాకు సిగ్గేసింది, ఆ వెంటనే చప్పట్లు కొట్టాలనీ అనిపించింది.

"ఏందమ్మా గిట్ల? పెద్దమనిషి పళ్లెం పట్టుకొస్తే వద్దంటదా?" అన్నాడు సేటు.

"జాబ్ సంగతి చెప్పు అన్నా" అన్నాను.

"మనోళ్ల కోడలిని జీతానికి పెట్టుకుంటే రేపు మీ అన్న నన్నేమంటడు? అవసరం పడ్డప్పుడు పిలుస్తం తీ."

వదిన పనిముట్లు సర్దుకుంది. తిరుగు బస్సులోనే దుబాయ్‌కి వస్తానని మెసేజ్ పెట్టింది. మేం ఇల్లు చేరేసరికే బొట్టు సంగతి ఇంట్లో తెలిసిపోయింది. అమ్మ మాతో మాటలు మానేసింది. అన్న మాత్రం ఆ రోజు నోరు తెరిచాడు. "నువ్వు పో. షాపు ఎవరికన్న అప్పజెప్పి నేను ఎనకాల వస్త" అన్నాడు. అంతకుముందే ఆ నోరు తెరిచి ఉంటే ఎంత బాగుండేది!

మా వాడలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉన్నారు. ఎందుకు పోయారని ఎవరూ ఎవర్నీ అడగరు. వదిన పోతే మాత్రం ఆమెకు ఇక్కడ ఏం తక్కువైందని వాడంతా అడిగింది. చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. దున్నపోతు మీద వాన.

మొన్న సిరిసిల్ల సేటు ఫోను చేశాడు. "చెల్లె, మిషన్ మళ్ల ఆగింది. మీ వదినను జర పంపు."

"ఆమె దుబాయ్ పోయింది. మిషన్ల కంపెనీల ఇంజనీరు."

"గట్లనా? మంచిగాయె. అయితే ఒక్కసారి వీడియో కాల్ కలుపు. మనింటి పిల్లే గదా."

నేను పళ్లు కొరుకుతుంటే, పక్కన కూరగాయలు తరుగుతున్న మా అమ్మ తలెత్తకుండానే అంది: "కలుపరాదే, నీదేం పోతది?"