చేదతాడు లేని అమ్మవారు

ఆ రోజుల్లో మా ఊళ్ళో గోడకి గౌరవం ఉండేది కాదు. ఖాళీ గోడ కనిపిస్తే సినిమా బొమ్మ అంటించేవారు, దాని మీద ఓట్ల బొమ్మ అంటించేవారు, రెండూ లేని చోట మగవాళ్ళు ఏం చేసేవారో నేను చెప్పక్కర్లేదు. (చెప్పేదాన్నే, నేను చెబుతుంటే రాస్తున్న మా అమ్మాయి వద్దంటోంది.) అలాంటి ఊళ్ళో పార్కు గోడ పొడుగునా పార్కు చరిత్రంతా బొమ్మలు వేయించాలని వాకింగ్ సంఘం వాళ్ళకి బుద్ధి పుట్టింది. ఊరంతా కలిసి వెయ్యాలట. పిల్లలు రంగులు కలపాలి, పెద్దవాళ్ళు పాత సంగతులు చెప్పాలి. నేను అప్పటికి ఆ పార్కులో మొక్కలకి నీళ్ళు పట్టే పనిలో చేరి ఏడాది కాలేదు. మా ఆయన పోయి కూడా అంతే. ముప్పై దాటీ దాటని మనిషిని, బోసి నుదురు, బోసి చేతులు, చేతిలో నీళ్ళ గొట్టం.

పెద్దవాళ్ళు చెప్పిన చరిత్రలో ఎవరి చరిత్రలో వాళ్ళే ఉన్నారు. సంఘం సెక్రటరీ గారి లెక్కలో పార్కు కాకముందు ఆ మైదానంలో జరిగిన పశువుల సంతంతా వాళ్ళ నాన్నగారి ఎడ్ల చుట్టూ తిరిగింది. ఇంకొకాయన లెక్కలో పార్కుకి రేడియో తెచ్చింది వాళ్ళ తాతగారు. అందరూ ఒప్పుకున్నది పార్కులో ఉన్న ఒక్క మంచినీళ్ళ నుయ్యిని. కరువొచ్చినప్పుడు ఊరంతా ఆ నూతి నీళ్ళే తాగిందట. ఇప్పుడు దాని మీద రాతిపలక వేసి మూసేశారు. సరే, నుయ్యి బొమ్మ వేస్తే పక్కన నీళ్ళు తోడే ఆడమనిషి ఉండాలి కదా. ఎవరిని వెయ్యాలి? మా అత్తగారినంటే మా అత్తగారినని ఆడవాళ్ళు జుట్లు పట్టుకునేదాకా వెళ్ళారు. బొమ్మలు వెయ్యడానికి విశాఖపట్నం నుంచి వచ్చిన కాలేజీ పిల్ల తెలివైనది. ఎవరికీ అత్తగారు కాని మనిషి కోసం చుట్టూ చూసి, నన్ను పట్టుకుంది. నన్ను వేస్తే ఎవరికీ కోపం రాదు. నేనసలు లెక్కలో ఉంటేగా!

"అక్కా, బిందె చంకన పెట్టుకుని, ఈ చెయ్యి పైకెత్తి చేదతాడు లాగుతున్నట్టు నిలబడు," అంది. నూతికి పలక వేశాక తాడెక్కడిది? గాలిని పట్టుకుని నిలబడ్డాను. బొమ్మలో నా నుదుటి దగ్గరికొచ్చి, "బొట్టు ఎంత పెట్టమంటావక్కా?" అనడిగింది. ఆ పిల్లకి నా సంగతి తెలీదు. చెప్పొచ్చు. నేనేమన్నానంటే, "కొంచెం పెద్దదే పెట్టమ్మా." అడిగినవాళ్ళు లేక గాని, నాకు బొట్టంటే ప్రాణం.

పార్కు గేటుకి ఎదురిల్లే మా వదినది. అంటే మా ఆయన అక్క. ఆవిడ కూతుర్ని నేను కాపురానికొచ్చిన నాటి నుంచీ చంకనేసుకు తిరిగాను. ఆ గుంటకి అప్పుడే కొత్తవలస సంబంధం కుదిరింది. మా వదిన ముందే చెప్పేసింది: "పెళ్ళికి రావొద్దనట్లేదే, వంటల కాడుండు. పీటల కాడికి మాత్రం రాకు." నాకు పట్టుచీర వద్దు, పిండివంటలు వద్దు. ఆ పిల్ల తలంబ్రాలు పోస్తుంటే చూడాలి. అంతే. అంత మాత్రానికీ బోసి నుదురు అడ్డం.

అలాంటి మా వదిన ఒక పొద్దున్న పార్కులోకొచ్చి గోడ చూసింది.

"ఒలే, ఏటిది? మా తమ్ముడు పోయి ఏడాది తిరగనేదు, నీకింత బొట్టా?"

"నాక్కాదు వదినా, గోడకి."

"గోడకి మొగుడున్నాడేటి?"

కాలేజీ పిల్ల మధ్యలో దూరి, "అమ్మా, ఇది చరిత్రండీ," అంది. "సరిత్రయితే? సరిత్రకి సిగ్గుండక్కర్నేదా?" అని మొదలెట్టి మా వదిన ఆ పిల్ల పుట్టుకదాకా వెళ్ళింది. పిల్ల కళ్ళు తుడుచుకుంటూ కుంచెలు సర్దుకుని బస్సెక్కేసింది, మళ్ళీ రాలేదు. సెక్రటరీ గారు, "బొట్టొక్కటే కదమ్మా, సున్నం కొట్టించేస్తాను," అని మా వదినకి మాటిచ్చారు. ఈ గొడవలో అందరూ మరిచిపోయింది చేదతాడు. అదింకా వెయ్యలేదు. దాంతో గోడ మీద నేను నిలువెత్తు మనిషిని, నుదుట రూపాయంత బొట్టుతో, చంకన నిండు బిందెతో, ఒక అరచెయ్యి పైకెత్తి, ఊరందరికీ అభయమిస్తున్నట్టు ఉండిపోయాను.

అది ఎండాకాలం. పిల్లలకి అమ్మవారు పోస్తున్న రోజులు. సున్నం రావడానికి ముందే ఎవరో తల్లి వచ్చి, బొమ్మ కాళ్ళ దగ్గర పసుపునీళ్ళు పోసి, వేపమండ పెట్టి వెళ్ళింది. ఆవిడ పిల్లాడికి తగ్గింది. (ఎవరి పిల్లాడికైనా తగ్గుతుంది, తగ్గాల్సిన రోజు వస్తే.) మర్నాడు పది వేపమండలు. సున్నం కొట్టే మనిషి బకెట్టు కింద పెట్టి దణ్ణం పెట్టేశాడు. "నాను ముట్టను బాబూ, పిల్లలున్నోణ్ణి." సెక్రటరీ గారు కాసేపు ఆలోచించి, "నాకు మాత్రం లేరేటి?" అని ఇంటికెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయనే అక్కడ ట్యూబులైటు పెట్టించారు. నూతమ్మ తల్లి అని పేరొచ్చింది. అప్పటిదాకా ఎడ్ల గురించీ రేడియో గురించీ కొట్టుకున్న పెద్దవాళ్ళందరికీ, చిన్నప్పుడు నూతిలోంచి గాజుల చప్పుడు విన్నట్టు ఒక్కసారే గుర్తొచ్చింది.

నా మొహం మీది కుంకుమ రోజూ నేనే కడిగేదాన్ని. ఆ పని చేస్తుంటే దణ్ణానికొచ్చిన ముత్తయిదువలు, "పొద్దున్నే ఎదురొస్తన్నావేటే, పక్కకెల్లు," అనేవారు. వెళ్ళేదాన్ని. వాళ్ళు వెళ్ళి నాకే మొక్కుకునేవారు. ఇద్దరం ఒకరమే అని ఒక్కరూ పోల్చుకోలేదు. ఎలా పోలుస్తారు, దాని నుదురు చూసేవారు, నా నుదురు చూసేవారు, మొహాలు చూసిందెవరు?

పోల్చుకున్నది మా వదినొక్కర్తే. ఆవిడ అటువైపు తలే తిప్పేది కాదు. కానీ కొత్తవలస వియ్యపురాలికి భక్తి జాస్తి. నూతమ్మ తల్లి మహిమ విని, తొలి శుభలేఖ అమ్మకే ఇవ్వాలని పట్టుబట్టింది. మగపెళ్ళివారి మాట కాదంటే సంబంధం ఏమౌతుందో! మా వదిన చీర, పసుపు, కుంకుమ, శుభలేఖ పళ్ళెంలో పెట్టుకుని, పదిమంది ఆడవాళ్ళతో, పెళ్ళికూతురితో వచ్చింది. నేను గొట్టం పట్టుకుని గోడ పక్కనే ఉన్నాను. నాకు శుభలేఖ ఎవరూ ఇవ్వలేదు గాని, నా కాళ్ళ దగ్గర మాత్రం పెట్టారు.

"నోరారా అడగండి వదినగారూ, మనసులో అనుకుంటే అమ్మకేటి ఇనిపిస్తాది?" అంది వియ్యపురాలు.

మా వదిన పళ్ళు బిగబట్టి కళ్ళు మూసుకుంది. "తల్లీ, ఇది నీ పిల్లే అనుకో. పీటల కాడ నువ్వే ముందుండి పెళ్ళి నడిపించాల."

"అలాగే వదినా, తప్పకుండా వస్తాను," అన్నాను.

ఎందుకన్నానో నాకే తెలీదు. పిలిచినప్పుడు పలకడం మా అమ్మ నేర్పింది. మా వదిన ఒక కన్ను తెరిచింది. వియ్యపురాలు నన్ను చూసింది, గోడని చూసింది, మళ్ళీ నన్ను చూసింది, ఆవిడ చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"తల్లి పలికినాది! ఒలమ్మో, ఈ మనిసి నోట పలికినాది! ఈవిడ రాకుంటే నా కొడుకు పీటల మీద కూకోడు."

పెళ్ళికూతురు పళ్ళెం చాటున నవ్వుతోంది. "అమ్మా, అడిగేసినావు. ఇంక తప్పదు."

మా వదిన తమాయించుకుంది. "నాను మొదట్నుంచీ అదే సెప్తన్నాను గదా," అంది.

పీటల పక్కనే నిలబడ్డాను. తలంబ్రాలు పోస్తుంటే రెండు గింజలు నా నెత్తిన కూడా పడ్డాయి, దులుపుకోలేదు. మా వదిన నా చెవి దగ్గరికొచ్చి, "మరీ అంత ముందుకి రాకే," అంది. "నడిపించమన్నావు కదా వదినా," అన్నాను.

మొన్న ఆ గోడ దగ్గర కాస్త నీడగా ఉంటే కూర్చున్నాను. కొత్తగా పెళ్ళయిన పిల్ల ఒకర్తి వచ్చి, "మామ్మా, జరుగు, అమ్మకి అడ్డమొస్తన్నావు," అంది. (నాకింకా యాభై నిండలేదు.) గోడ మీది దానికి ముప్పయ్యే. ఎవరి ముందు ఏం మాట్లాడాలో తెలియని వయసు. దాన్ని చూస్తే నాకు కొంచెం భయం, కొంచెం ముచ్చట. ఆనాడు మా వదినతో "తప్పకుండా వస్తాను" అన్న మాట ఇప్పుడైతే నేను అనగలనా? మోకాళ్ళు పట్టుకుని లేచి జరిగాను. మొక్కుకోనీ, అది వినగలదు, అవసరమైతే సమాధానం కూడా చెప్పగలదు.