పొద్దెక్కితే గాని గేరు పడని బండి

మెకానికల్ డిప్లొమా చేతికొచ్చిన కొత్తలో, లోకంలో పాడైన ప్రతి వస్తువూ నాకోసమే పాడైందని నమ్మే రోజులు కొన్ని ఉండేవి. తొంభైల నాటి మాట. ఉద్యోగం ఇంకా రాలేదు గాని, ఉద్యోగం వచ్చాక రావాల్సిన గర్వం మాత్రం ముందే వచ్చి ఇంట్లో కూర్చుంది. మా మిక్సీ, పక్కింటి ఫ్యాను, ఎదురింటి నీళ్ళ మోటారు అప్పటికే నా చేతిలో పడి లేచాయి (లేచినవి రెండే, మూడోదాని సంగతి ఎదురింటివాళ్ళు ఇప్పటికీ ఎత్తరు, వాళ్ళ మర్యాద అలాంటిది). అలాంటి శుభసమయంలో మావయ్య పికప్ బండి క్లచ్ పోయింది.

మావయ్యది రామచంద్రపురం దగ్గర గోదావరి లంక ఊరు. ఊళ్ళో రైతులు కోసిన చేమంతులూ బంతులూ తెల్లవారుజామునే బండికెత్తి, ఎండ రాకముందే కడియం పూలమార్కెట్టుకి చేర్చడం ఆయన పని. బండి మూడు చేతులు మారి ఆయన చేతికొచ్చింది. ఆ బండి క్లచ్ తీగతో కాకుండా నూనె ఒత్తిడితో పనిచేస్తుంది. ధనుర్మాసంలో ఓ ఆదివారం పెడలు తొక్కితే నేలకంటుకుని మళ్ళీ లేవలేదు, గేరు వేయబోతే కరకరమంది. "ఇంట్లో ఇంజినీరుండగా మెకానిక్కెందుకు?" అని మావయ్య నాకు కబురు పంపాడు. నేను వెళ్ళేసరికి బండి చుట్టూ ఊరు సగం ఉంది. ఒకాయన దిష్టి అన్నాడు, ఒకాయన డీజిల్లో కల్తీ అన్నాడు, మరొకాయన ఏమీ అనకుండా టైరుని నాలుగుసార్లు తన్ని తృప్తిగా తల పంకించాడు.

నేను సుద్దముక్క తీసుకుని అరుగు గోడ మీద బొమ్మ గీశాను. "ఇదిగో మావయ్యా, పెడలు తొక్కితే పై సిలిండర్లో నూనె నొక్కుకుంటుంది, ఈ గొట్టంలోంచి కింద సిలిండర్ని తోస్తుంది, అది క్లచ్‌ని విడదీస్తుంది. నూనె తగ్గినా, మధ్యలో గాలి దూరినా పెడలు కూలబడుతుంది." తరవాత బండి కిందికి దూరి చూస్తే గేరుబాక్సు పక్కన గొట్టం బిగింపు వదులై నూనంతా కారిపోయింది. బిగించాను. ఇక్కడిదాకా నేను చేసింది నిజంగా సరైనదే. ఈ వాక్యం మళ్ళీ రాసే అవకాశం ఈ జ్ఞాపకంలో నాకు రాదు కాబట్టి కాస్త నెమ్మదిగా చదవమని మనవి.

ఇక నూనె పోయాలి. ఆదివారం కొట్లు లేవు. అత్తయ్య వంటింట్లో, సొంత చెట్ల కాయలతో గానుగాడించిన కొబ్బరినూనె డబ్బా ఉంది. ఆ ఇంట్లో తలకీ, తలుపు బందులకీ, కుట్టుమిషనుకీ, కాలిన చేతికీ అదే నూనె. "నూనె ఏదైతేనేం మావయ్యా, నొక్కితే కుదించుకుపోకుండా ఉండాలి, అంతే సిద్ధాంతం" అన్నాను.

మావయ్య బండిలోని క్లచ్ నూనె డబ్బీ మూత చూశాడు. "బ్రేక్ ఆయిలే పొయ్యాలని దీని మీద రాసుంది గదరా అల్లుడూ?"

"కంపెనీవాళ్ళు అలాగే రాస్తారు. వాళ్ళ డబ్బాలు అమ్ముడుపోవద్దూ?"

కంపెనీల గుట్టు నా నోట విని జనం ముక్కున వేలేసుకున్నారు. ఘుమఘుమలాడే నూనె పోసి, గొట్టంలో గాలి తీసే కార్యక్రమం పెట్టుకున్నాం. మావయ్య పైన పెడలు తొక్కాలి, నేను కింద పడుకుని నట్టు వదులు చెయ్యాలి, బుడగలు పోగానే బిగించాలి. "తొక్కండి!" అని నేను, "తొక్కానండి!" అని నలుగురు, "వదలండి!" అని నేను, "వదిలేశారండోయ్!" అని పక్క వీధి. పావుగంటలో నా మొహం నిండా కొబ్బరినూనె కారి, జన్మలో మొదటిసారి నా జుట్టు చెప్పిన మాట వింది. మూడు గంటల ఎండలో మావయ్య బండెక్కి పెడలు తొక్కితే వెన్నలా దిగి పువ్వులా లేచింది. ఊరంతా ఒక చుట్టు తిరిగొచ్చాడు. అత్తయ్య గారెలు వండింది. "చదువుకున్నోడి చెయ్యే వేరండి" అని టైరు తన్నినాయన ఒప్పుకున్నాడు.

మర్నాడు తెల్లవారుజామున, మంచులో, పూలగంపలన్నీ ఎక్కాక మావయ్య పెడలు మీద కాలేస్తే అది రాయిలా బిగుసుకుపోయింది. రెండు కాళ్ళేసినా దిగలేదు. నేను స్పానర్ల సెట్టు తెచ్చి ఊడదీయగలిగినవన్నీ ఊడదీశాను, ఊడదీసినవన్నీ బిగించాను. తొమ్మిదైంది, ఎండొచ్చింది, పెడలు చటుక్కున దిగింది! అప్పుడు నా చేతిలో ఏ బోల్టుందో దాన్నే దోషిగా ప్రకటించాను. పూలు వాడి మార్కెట్టుకెళ్ళాయి. ఆ మర్నాడూ అంతే: చీకట్లో రాయి, ఎండలో వెన్న. ఆ రోజు రైతుల పెద్దాయన వచ్చి, చేతులు కట్టుకుని, ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఏవండీ, మిమ్మల్ననట్లేదండి. కానండి, చేమంతికి మీ బండి కష్టం తెలీదు కదండీ. రేపు కూడా పొద్దెక్కితే, ఎల్లుండి నించి అవతలూరి వ్యానుకి ఎత్తేసుకుంటామండి."

మావయ్య "ఆయ్, అలాగేనండి" అన్నాడు. ఆ వ్యానుకి పూలు ఒకసారి ఎక్కితే ఇక మళ్ళీ దిగవని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

రెండు రోజుల మురికి వదిలించుకోమని అత్తయ్య ఆ పూటే తలంటుకి నన్ను పీట మీద కూర్చోమంది. వంటింట్లోంచి అదే కొబ్బరినూనె ఉన్న సీసా తెచ్చి నా నెత్తిన వంచింది. చుక్క రాలలేదు. లోపల నూనె తెల్లగా మైనంలా గడ్డకట్టి ఉంది. "చలికి ఇంతేరా, పొద్దునపూట రాయైపోద్ది" అంటూ పొయ్యి పక్కన పెట్టింది. సీసాలో గడ్డకట్టే నూనె గొట్టంలో మాత్రం ఎందుకు ఊరుకుంటుంది? నా సిద్ధాంతంలో ఒత్తిడికి లెక్కుంది గాని చలికి లేదు.

తలంటు మానేసి బయటికొచ్చాను. "మావయ్యా, ఒకసారి రామచంద్రపురం మెకానిక్‌కి చూపిద్దామా... ఊరికే" అన్నాను. ఆయన నన్ను చూశాడు, గుమ్మంలోంచి కనబడుతున్న సీసాని చూశాడు, తాళం తీసుకున్నాడు. ఎండలో కాబట్టి బండి బుద్ధిగా నడిచింది.

రామచంద్రపురంలో ఆ ముసలి మెకానిక్కుని అందరూ స్పానర్ తాత అనేవారు. మూత తీసి వాసన చూశాడు. వేలు ముంచి చూశాడు. ఆ వేలు నెరిసిన మీసానికి రాసుకుని, "ఇది బండికి పోసిన మహానుభావుడెవరండీ? తలకి పోసుకుని ఉంటే జుట్టన్నా పెరిగేది. ఈ నూనెకి లోపల రబ్బర్లు కూడా ఉబ్బిపోయుంటాయి. రెండు సిలిండర్లూ విప్పి, కడిగి, కొత్త రబ్బర్లెయ్యాలండి" అన్నాడు.

షెడ్డులో పదిమంది ఉన్నారు. అందరి చూపూ మా మీదే. నా చెవులు కాలిపోతున్నాయి.

"నేనేనండి" అన్నాడు మావయ్య. "పల్లెటూరోళ్ళం, మాకేం తెలుస్తాదండి? ఈ కుర్రాడు మా మేనల్లుడు, ఇంజినీరు. వద్దు మావయ్యా వద్దు మావయ్యా అని మొత్తుకున్నాడండి, నేనే వినలేదు."

స్పానర్ తాత నా వైపు తిరిగి, "చూశారాండీ, చదువుకున్నోళ్ళ మాట వినాలి" అన్నాడు గౌరవంగా. అప్పుడు నేను చేసిన పని చెప్పక తప్పదు: గంభీరంగా తలూపాను.

కొత్త రబ్బర్లతో, అసలైన బ్రేక్ ఆయిలుతో మర్నాడు చీకటుండగానే బండి కడియం చేరింది. చేమంతుల మీద మంచు ఇంకా ఆరలేదు. రైతుల పెద్దాయన మావయ్యకి టీ ఇప్పించాడు. అవతలూరి వ్యాను మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. తిరుగుదారిలో "మావయ్యా, ఆ నూనె..." అని మొదలుపెట్టాను. "ముందు రోడ్డు చూడరా, గేదెలొస్తన్నాయి" అన్నాడాయన. బండి నడుపుతున్నది ఆయన, చూడాల్సింది ఆయన. గేదెలైతే ఒక్కటీ లేదు.

ఇప్పుడు నాకు ఆనాటి మావయ్య వయసు దాటింది. షెడ్డులో పదిమంది ముందు తలూపిన ఆ కుర్రాణ్ణి తిడదామని ఎన్నిసార్లు కూర్చున్నా నవ్వే వస్తుంది. వాడి చెవి పట్టుకుని ఆ షెడ్డులోకి మళ్ళీ తీసుకెళ్ళి, మావయ్య కన్నా ఒక్క క్షణం ముందు "నేనేనండి" అనిపించాలని మాత్రం ఉంటుంది. కానీ వాడు నాకు బాగా తెలుసు. వెళ్ళేదారిలో నాకు క్లచ్ ఎలా పనిచేస్తుందో చెప్పడం మొదలుపెడతాడు.